నూట పద్నాలుగో వరుస

ముప్పై ఏళ్లు రికార్డు గది దుమ్ము మింగి రిటైరైన పెద్దాయన, ఈసారి తన పాత కుర్చీకి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. కుర్చీలో ఆయన దగ్గర పని నేర్చుకున్న గుమాస్తా ఉన్నాడు.

“నా వైద్య పరీక్షల ఫైలు కావాలోయ్. ఈ దుమ్ము వల్లే ఊపిరితిత్తులు చెడ్డాయని కంపెనీ డాక్టరు రాసిన కాగితం అందులోనే ఉంది. అది చూపిస్తేనే వైద్యం చేయిస్తామంటున్నారు.”

“అది లేదండీ. పోయినేడు ముక్కలు చేసేశాం.”

“ఎవడు చెయ్యమన్నాడు?”

గుమాస్తా, ముక్కలు చేయాల్సిన ఫైళ్ల జాబితా ఉన్న రిజిస్టరు ఆయన వైపు తిప్పాడు.

“నూట పద్నాలుగో వరుస చూడండి. కింద సంతకం తమరిదే.”

తనదే. రిటైరయ్యే రోజు, బీరువాలు ఖాళీ చేసి అప్పగించాలన్న తొందరలో చదవకుండా గీకి పారేసిన సంతకం.

“జాబితా రాసింది నువ్వేగా. నా పేరు కనబడలేదా?”

“కనబడిందండీ.”

“మరి బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నావేం?”

“చేరిన కొత్తలో ఒకసారి నోరు తెరిచాను. జాబితాలో తప్పుందంటే, అందరి ముందూ తమరు దాన్ని నా మొహాన కొట్టారు. సంతకం పెట్టే చేతికి అడ్డం రావద్దన్నారు. మళ్లీ అడ్డం రాలేదు.”

పెద్దాయనకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా గుమాస్తా ఓపిగ్గా ఆగాడు.

“పోనీ, ఫైలు పోయిందని అర్జీ రాసిస్తాను. దాన్నైనా జాగ్రత్తగా ఉంచు.”

“దానికి ఢోకా లేదండీ. అర్జీలు ఇరవై ఏళ్లు ఉంచాలని రూలు రాసింది తమరే. తమరికంటే ఎక్కువ కాలమే ఉంటుంది.”