చంద్రుణ్ణి బిగించిన కాలు

“దాటి వెళ్ళు బాబాయ్, ఫర్వాలేదు. ఊరికే మడిచి పెట్టుకోవడానికి ఇదేమన్నా మామూలు కాలా.”

ఎముకల ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టు. బల్ల మీద కూర్చున్న లైన్‌మన్ ఎడమకాలు దారికి అడ్డంగా చాపి ఉంది. కొట్టు బాబాయి పొద్దుట్నుంచీ గ్లాసులు పట్టుకుని దాన్ని దాటుతూనే ఉన్నాడు. లైన్‌మన్ భార్య పక్కనే ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చేతికి కట్టుతో వచ్చిన తాపీమేస్త్రీ అడిగాడు:

“ఇవాళ బిగుసుకుపోయిన నీ మోకాలు చూస్తారట గదన్నా. వంగితే మళ్ళీ స్తంభం, లేకపోతే ఆఫీసులో కుర్చీ అంటున్నారు.”

“అననీ. అసలు కాలు కథ విను ముందు. స్తంభం మీంచి పడ్డాను, తొడ విరిగింది. అతుక్కుంది గానీ నాలుగు వేళ్ళ మందం పొట్టిగా అతుక్కుంది. నడిస్తే పడవ ఊగినట్టుండేది. డాక్టరేమన్నాడంటే, ఎముకని మళ్ళీ కోస్తాం, చుట్టూ ఇనప చట్రం బిగిస్తాం, రోజూ కాస్త మర తిప్పి రెండు ముక్కల్నీ ఎడం చేస్తూ పోతే మధ్యలో కొత్త ఎముక అదే పుడుతుందీ అన్నాడు. మత్తెందుకు, రంపం ఇటివ్వండి, నేనే కోసుకుంటానన్నాను.”

“అబ్బో.”

“మరి. ఆ మర తిప్పే పని మా ఆవిడది. వెంట్రుకవాసి తిప్పమంటే అంతే తిప్పేది పాపం. ఒకరోజు వాళ్ళక్క ఫోన్ చేసింది. ఒక చేత్తో ఫోనూ, ఒక చేత్తో రెంచీ, ఆడపడుచు సంగతి మొదలెట్టారు, ఇక ఆ చెయ్యి ఆగితేనా. అత్తగారి దాకా వచ్చేసరికి నా పాదం మంచం దాటింది. తోడికోడలి దగ్గరికొచ్చేసరికి వార్డు గుమ్మం దాటింది. నర్సమ్మ వచ్చి, ఇదిగో, కాళ్ళు వరండాలో పెట్టకూడదు, రూలొప్పుకోదంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“బట్టలారేసుంటారు.”

“నువ్వూ ఉన్నావా ఏం అక్కడ? వార్డు దుప్పట్లన్నీ దాని మీదే ఆరాయి. ఇంటికొచ్చాక నిచ్చెన అటకెక్కించేశాను. తీగ తెగిందని ఫోనొస్తే గుమ్మంలో నుంచునే ముడేసేవాణ్ణి. ఏటికవతల కరెంటు పోయిందా, కాలు చాపి ఒక్కటే అంగ. మడమ కూడా తడవలేదు.”

“మరి రెండో కాలో?” మేస్త్రీ ఆవలించాడు.

“చంకలో పెట్టుకున్నాను. మధ్యలో అడ్డురాకు. మొన్న చూద్దును గదా, చంద్రుడు ఆరుతూ వెలుగుతూ ఉన్నాడు. చూడగానే తెలిసిపోయింది నాకు, హోల్డరు లూజు. పైవాళ్ళకి చెబితే అది మన లైను కాదన్నారు. ఎన్నాళ్ళని ఊరుకుంటాం, కాలు బారుగా చాపాను, మబ్బులు మోకాలి దగ్గరే ఆగిపోయాయి, అరచేత్తో ఇలా ఒక్క తిప్పు తిప్పాను. రబ్బరు గ్లౌజులు వేసుకునేలే. నిన్న వెన్నెల చూశావా ఎలా ఉందో?”

“నిన్న ముసురు గదన్నా.”

“ముసురు కింద ఉన్నవాడివి, నీకేం తెలుస్తుంది.”

బాబాయి మరోసారి కాలు దాటి, ఆమె ముందు ఆగాడు. “నువ్వైనా చెప్పమ్మాయ్. ఇందులో ఎంత నిజం?”

ఆమె కళ్ళు తెరిచింది. “అంతా నిజమే బాబాయ్. అక్క ఫోనూ నిజమే, చంద్రుడూ నిజమే. ఇన్ని కోతలు కోశాడు గదా, మోకాలు వంగిందని మాత్రం ఒక్కసారన్నా అన్నాడేమో చూడు.”

మేస్త్రీ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

ఆసుపత్రి గుమ్మంలోంచి పిలుపొచ్చింది. ఆమె కవరు చంకలో ఇరికించుకుని వంగింది. అలవాటుగా ఒక చెయ్యి మోకాలి కిందా, ఒకటి మడమ కిందా పెట్టి కాలు ఇటు తిప్పింది. లైన్‌మన్ ఆమె భుజం పట్టుకుని లేచాడు.

“అదొక్కటీ నా నోటికి కూడా వంగట్లేదు బాబాయ్,” అన్నాడు. “కుర్చీ ఇస్తారట. కుర్చీలో కూర్చోవాలన్నా ముందు మోకాలే గదా వంగాలి.”

బాబాయి అతని గ్లాసు తీసుకుని కడిగాడు.

“చాపుకునే కూర్చుందువుగానిలే,” అన్నాడు. “దాటేవాళ్ళు దాటుతారు.”