పేలని రెండు తూటాలు

అలాగ చచ్చిన ఎలకని తోక పట్టి తెచ్చినట్టు రెండు వేళ్ళతో పట్టుకుంటావేటి కృపారావూ! కొన్నవాడివి నువ్వే, పేల్చినవాడివి నువ్వే. ఇలాగియ్యి. ఆగు, గొట్టం గోడవైపు తిప్పి ఇయ్యి. ఖాళీదైనా సరే! ఆ పాటి అలవాటు లేనివాణ్ణి పరుగు పందేలకి తుపాకీ పేల్చే స్టార్టరుగా ఎలాగ నిలబెట్టినారో మీ ఆటల కమిటీకే తెలియాలి.

కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు లొటలొటమంటాది. మంచం మీద కూర్చో. పరమేశ్వరీ, కృపారావొచ్చినాడు, టీ పెట్టు! చేతిలో రివాల్వరుందని జడుసుకోకు, ఇది పేలేది కాదు!

నవ్వుతావేటి? నవ్వే మాటా అది? ఇది పేలకపోబట్టే కదా మన నూకయ్య కొడుకు దేముడు వీధిన పడ్డాడు. పరుగులో మొదటొస్తే రైల్వేలో పర్మనెంటు ఉద్యోగం. వచ్చే ఏటికి వాడి వయసు దాటిపోతాది, ఇదే ఆఖరు అవకాశం. నీ చేతిలో ఇది రెండు మాట్లు టక్కుమని ఊరుకుంది. రెండు మాట్లూ వాడు దూకినాడు. తప్పు స్టార్టని వాణ్ణి తాడు బయట నిలబెట్టేసినారు. మూడో మాటు పేలింది. పేలితే ఎవడికి కావాలి?

సర్లే. ఆలస్యమైనా నా దగ్గరకొచ్చినావు, సంతోషం. వాడు కమిటీకి అర్జీ పెట్టుకున్నాడని నూకయ్య చెప్పినాడు. తప్పు తుపాకీదా, మనిషిదా? అది తేలితేనే కదా పందెం మళ్ళీ పెట్టడమో మానడమో. చూస్తాను. రిటైరై ఈ ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ అద్దింట్లో పడున్నాను గానీ, నా చెయ్యి ఇంకా రిటైరవలేదు.

నేను చూసిన మొదటి పందెం తుపాకీ అమెరికాది. యుద్ధం రోజుల్లో కలైకుండలో విమానాలవాళ్ళు దిగినారు చూడు, వాళ్ళలో ఒకడి దగ్గర్నించి మన మెయిలు డ్రైవరు ఆర్థర్‌కి వచ్చింది. వాడిచ్చినాడో, పేకాటలో పోగొట్టుకున్నాడో, నేనడగలేదు. అప్పుడు ఆర్థరే స్టార్టరు. నేను విజయనగరంలో బి.ఏ. చదివొచ్చి టైమాఫీసులో గుమస్తాని. షేక్స్పియర్ అప్పజెప్పమంటే చెప్తాను గానీ తుపాకీకి ఏ పక్క ఏటో తెలీదు. అంతా ఆయనే నేర్పినాడు. తిట్టి నేర్పినాడు.

అమెరికాది గట్టిది. బురదలో పడేసి తీసినా పేలేది. గానీ ట్రిగ్గరు మహా మొండి. అది నొక్కడానికి ఆర్థర్ భుజం ఇంత లేచేది. పందెంలో మన దొంగలు చెవులు మానేసి భుజం చూసి పరిగెత్తేసేవాళ్ళు! ఆయన కోటు తొడుక్కుని రావడం మొదలెట్టినాడు, మే నెల ఎండలో, భుజం కనపడకుండా. ఆ ఎండా, ఆ కోటూ, ఆ చెమటా... ఏటి చెప్తున్నాను?

ఆ, బెల్జియంది. ఇక్కడే ఇందా పేటలో ఒక పెద్దింటివాళ్ళ సామాను వేలానికొస్తే అప్పటి సెక్రటరీ ముచ్చటపడి తెచ్చినాడు. నికెలు పూత, పిడికి ముత్యపు చిప్ప. పెళ్ళికొడుకులాగుండేది. ఎండకాస్తే పేలేది, మబ్బేస్తే అలిగేది. లోపల స్ప్రింగు మెతక. పైన మెరుపు చూసి కొంటే అంతే. నీకూ ఆ జబ్బే ఉంది, చెప్తే కోపమొస్తాది.

దాని తరవాత వచ్చిన బర్మింగ్‌హామ్‌ది చూడ్డానికి ఏ అందమూ లేదు. పిడి చెక్క పగిలితే నూకయ్యే రైల్వే వర్క్‌షాపులో పనస చెక్కతో చెక్కి బిగించినాడు. అవును, ఆ నూకయ్యే, దేముడి తండ్రి. ఆర్థర్ తరవాత స్టార్టరునై ఎన్నేళ్ళు పట్టుకున్నానో దాన్ని! వానలో, చలిలో, జనరల్ మేనేజరు ముందు, పిల్లల పందేల ముందు, ఒక్కనాడు నన్ను నలుగురిలో చిన్నబుచ్చలేదు. మనుషుల గురించి అలాగ చెప్పలేను.

నా లెక్క వేరు కృపారావూ. ఎప్పుడూ పేలేది మంచి తుపాకీ. అసలు పేలనిదైనా బాధలేదు, పక్కన పడేసి విజిలు ఊదుకుంటాం. ఒకమాటు పేలి ఒకమాటు పేలదు చూడు, అదీ చెడ్డది. దాన్ని నమ్మాలో మానాలో కూడా తెలీదు.

ఇంతలో ఈ నక్సలైటు గొడవలొచ్చినాయి. ఇళ్ళల్లో తుపాకులు ఎత్తుకుపోతున్నారని లైసెన్సున్నవన్నీ పోలీసు థానాలో పెట్టమన్నారు. నేనే తీసుకెళ్ళినాను. "దాదా, ఇది ఆటలది, ఖేలార్ జినిస్" అన్నాను. "తుపాకీ తుపాకీయే మోశాయ్" అన్నాడు దారోగా. ఆయన్ననడానికేటుంది, బయట రోజులలాగున్నాయి. దానికో చీటీ కట్టి గూట్లో పెట్టేసినాడు. నూనె లేక అక్కడ తుప్పుపడతా ఉండుంటాది. దాని తరవాతే కదా నువ్వు కలకత్తా వెళ్ళి ఈ ఘనమైన సరుకు తెచ్చినావు. కంపెనీ ముద్ర కూడా సగమే పడింది. సిగ్గుపడినట్టున్నాడు చేసినవాడు.

ఆ పేలని తూటాలు రెండూ తెచ్చినావా? శభాష్. ఒక్క పనైనా బుద్ధిగా చేసినావు. నా కళ్ళజోడందుకో.

చూడు. ఇలా వెలుతుర్లోకి రా. వెనక పక్క ఈ నొక్కు కనపడిందా? సుత్తి కొడితే ఇది నడి మధ్యన పడాలి, నుదుట బొట్టు పెట్టినట్టు. ఎక్కడ పడింది? అంచున. రెండోదీ అంచునే. అంటే తూటాలు పెట్టే ఈ గుండ్రం తిరిగి ఆగవలసిన చోట ఆగడం లేదు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పు. వదులు వినపడలేదూ? తూటా మంచిదే. నీ వేలూ మంచిదే, అక్కడ దాకా ఒప్పుకుంటాను. ఇది వెధవ సరుకు.

మరి దేముడెందుకు దూకినాడంటావా? మిగతావాళ్ళు దూకలేదు కదా అంటావా? ఆ ప్రశ్న ఇంకెవడన్నా అడగాలి గానీ నువ్వా? నువ్వూ నా దగ్గర పరిగెత్తినవాడివే! ఉత్తి మందు తూటాలు కలకత్తా నుంచి రావాలి, రోజూ పేల్చడానికి ఎవడిస్తాడు? పొద్దున్నే మైదానంలో ఖాళీ తుపాకీతోనే మీ అందరికీ సాధకం చేయించినాను. రెడీ, సెట్, టక్. ఆ టక్కుకే మీరు లేచేవాళ్ళు. బర్మింగ్‌హామ్‌ది టక్కుమంటే పేలినట్టే, మధ్యన సందే లేదు. అద్రా డివిజను నుంచొచ్చినవాళ్ళు విజిలు మీద నేర్చుకున్నారు. టక్కు వాళ్ళ చెవినే పడదు, కూర్చున్నచోటే కూర్చున్నారు. దేముడు విన్నాడు. ఖరగ్‌పూర్ మైదానంలో చెవి పెట్టుకుని పెరిగినవాడు ఎవడైనా దూకుతాడు. నువ్వైనా దూకుదువు.

ఒక్క మాట, కృపారావూ. "తుపాకీ పేల్లేదు, అందరూ వెనక్కి రండి" అని నువ్వు చెయ్యెత్తితే సరిపోయేది. స్టార్టరు మాట మీద ఎవడి మాటా చెల్లదు. ఎందుకనలేదు? షామియానా కింద ఆఫీసర్లు, వాళ్ళ ఆడవాళ్ళు, నువ్వు తెచ్చిన కొత్త తుపాకీ. నామోషీ అనిపించింది. అంతే కదా? తల అలా దించుకోకు, నేనేం నిన్ను కొట్టను.

సరే, పోనీ, దిద్దుకోడానికొచ్చినావు, అదే పదివేలు. రాసిస్తాను. ఓహో, టైపు కొట్టించే తెచ్చినావా! తుపాకీ లోపభూయిష్టమని నేను ధ్రువీకరించాలి, అంతే కదా? ఇంగ్లీషు బాగానే రాసినావు. పెన్నియ్యి. రెండు రోజుల్లో దేముడు మళ్ళీ గీత మీద నిలబడాలి. నేనే వచ్చి విజిలు ఊదుతాను...

ఇదేటి?

పైన అడ్రసేటి? ఇది కమిటీకి కాదు. కలకత్తా తుపాకుల దుకాణానికి. "వెంటనే మార్చి మంచిది పంపగలరు."

అర్జీ? దేముడి అర్జీ ఏమైందంటే?

కొట్టేసినారా. ఎప్పుడు? స్టార్టరు నిర్ణయమే ఆఖరు. అంటే నీ నిర్ణయం. ఆ మొదటొచ్చిన అద్రావాడు డ్యూటీలో చేరిపోయినాడు. ఊఁ.

అయితే నేనింతసేపూ కళ్ళు చికిలించుకుని చూసింది తుపాకీ మార్చుకోడానికన్నమాట. తుపాకీది తప్పని మీ అందరికీ ముందే తెలుసు. తెలిసే కొట్టేసినారు. తెలిసే ఈ కాగితం టైపు చేసినారు. ఒకే మిషను మీద కొట్టినారా రెండూ?

సంతకం పెడతాను. పెట్టనని ఎవరన్నారు? రాసింది నిజమే. నిజానికి సంతకం పెట్టకుండా ఎలాగుంటాను, బి.ఏ. చదివినవాణ్ణి! కింద రెండు లైన్లు నా చేత్తో రాస్తాను, ఉండు.

చదువుకో. "ఈ రివాల్వరు పేలని రెండు సార్లూ సరిగ్గా పరిగెత్తినవాడు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్, నూకయ్య కుమారుడు దేముడు. అతని తప్పేమీ లేదు." ఆ కింద నా సంతకం, చెన్నకేశవరావు.

ఆ రెండు లైన్లూ కొట్టెయ్యమంటావా? కొట్టను. దుకాణంవాడికి దేముడెవడో ఎలాగ తెలుస్తాదంటావా? తెలీదు. తెలీకపోనీ. ఆ రెండు లైన్లతో పట్టుకెళ్తే పట్టుకెళ్ళు, లేదంటే ఈ కొత్త పెళ్ళికొడుకుని నువ్వే ఉంచుకో. నీ కమిటీలో ఎవడూ చదవడానికి ఒప్పుకోని మాట, కనీసం ఒక్కడు చదవాలి.

పట్టుకెళ్తావు. నాకు తెలుసు. నీకు తుపాకీ కావాలి.

భయం లేదులే, వాడు మారుస్తాడు. కలకత్తాలో తుపాకులమ్మేవాడు మీకన్నా మర్యాదస్తుడు కృపారావూ. తన వల్ల తప్పు జరిగిందంటే వెనక్కి తీసుకుంటాడు.