ప్లగ్గు రుచి చూసిన మేస్త్రీ

వ్యాను వారం రోజులుగా నల్లటి పొగ కక్కుతోంది. రేపు పొద్దున పదింటికి పొగ పరీక్ష. అందులో తప్పితే బడిపిల్లల ట్రిప్పులు ఇంకో వ్యానుకి ఇచ్చేస్తామని బడివాళ్లు మొహమాటం లేకుండా చెప్పేశారు. అందుకే డ్రైవరు అన్నం కూడా తినకుండా వ్యానేసుకుని టీకొట్టుకి వచ్చాడు. బళ్లు బాగుచేసే మేస్త్రీ తన షెడ్డులో కంటే ఇక్కడి బల్ల మీదే ఎక్కువ దొరుకుతాడు మరి.

మేస్త్రీ ఇంజనులోంచి స్పార్కు ప్లగ్గు విప్పాడు. దాని నిండా మసి. నాలుక కొసకి తాకించుకుని కళ్లు మూసుకున్నాడు.

“పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ.”

డ్రైవరుకి ప్రాణం లేచొచ్చింది. “నాకితేనే తెలిసిపోతుందా బాబాయ్?”

ఆ ఒక్కమాట అడక్కుండా ఉండాల్సింది. మేస్త్రీ బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. టీకొట్టావిడ అందరికీ టీలిచ్చింది. డ్రైవరు ఒక గుక్క తాగి, దిగులుతో నోరు పాడైందనుకుని గ్లాసు కింద పెట్టేశాడు. పక్కనున్న టైలరు కూడా పెట్టేశాడు.

“ఇదేం చూశావు,” అన్నాడు మేస్త్రీ. “వయసులో ఉన్నప్పుడు ఏ బంకు పెట్రోలో కూడా చెప్పేవాణ్ని. ఒకాయన కారు తెచ్చాడు, ప్లగ్గు నాకాను, ‘అయ్యా, ఇది మీ ఎదురింటివాళ్ల కారులోంచి మంగళవారంనాడు తీసిన పెట్రోలు’ అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురింటాయన పక్కనే నిలబడి ఉన్నాడు.”

“కొట్టుకున్నారా?” అన్నాడు టైలరు.

“వియ్యంకులయ్యారు. అది వేరే కథలే. ఆ పెళ్లిలో నా సంగతి విని ఓడ కెప్టెనొకడు కబురుపెట్టాడు, ఓడ నల్లగా పొగొదుల్తోంది, రమ్మని.”

“ఓడ ఇంజనుకి ప్లగ్గుంటుందా?” అన్నాడు డ్రైవరు.

“ఉండదు. అందుకే పొగగొట్టం నాకాల్సొచ్చింది. నిచ్చెనేసుకుని పైకెక్కేసరికి ఓడ కదిలింది. చుట్టూతా నాకి, ఫలానా చోట లోపమని తేల్చేసరికి ఇంకో దేశం వచ్చేసింది. తిరిగొచ్చి డాబా మీద నిలబడ్డానా, ఇంతలో వాన. చినుకు నాలుక మీద పడింది. చూద్దును కదా, ఆయిలు రుచి! పైన విమానం పోతోంది. స్క్రూ అరచుట్టు బిగించమని వేళ్లతో సైగ చేశాను. పైలట్ బిగించాడు. తర్వాతి చినుకు అచ్చం మంచినీళ్లే.”

“అంత పైనుంచి నీ వేళ్లు ఎలా కనిపించాయి?” అన్నాడు టైలరు.

“అద్దం దించి తల బయటపెట్టాడు. తడిసి ముద్దయ్యాడు పాపం.” మేస్త్రీ గ్లాసు ఖాళీ చేసి డ్రైవరు వైపు తిరిగాడు. “నీదీ ఇంజను దింపాల్సిందే. నాలుగు రోజులు.”

“పరీక్ష రేపే కదా బాబాయ్!” అన్నాడు డ్రైవరు. ఓడా విమానం కోతలని తెలుసు. కానీ పెట్రోలు ఎక్కువన్న మాట నిజమే కదా, ఇంకెవరి దగ్గరికి పోతాడు? నీరసంగా తాళంచెవి తీసి మేస్త్రీ చేతిలో పెట్టాడు.

టీకొట్టావిడ గ్లాసులు తీయడానికి వచ్చింది.

“టీ ఎలా ఉందన్నయ్యా?”

“నీ చేతి టీకి వంకేముంది చెల్లెమ్మా. పంచదారే ఒక చిటికెడు ఎక్కువైంది.”

“పంచదార కాదన్నయ్యా. డబ్బా మారిపోయి ఉప్పేశాను. వీళ్లిద్దరూ గుక్కెడు తాగి వదిలేశారు. నువ్వు గ్లాసు కడిగినట్టు తాగేశావు.”

టైలరు నవ్వాపుకుంటూ తల పక్కకి తిప్పుకున్నాడు. డ్రైవరు మేస్త్రీ చేతిలోంచి తాళంచెవి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

“మొన్న నా స్టవ్వూ ఇలాగే గిన్నెలన్నీ మసి చేసింది,” అందావిడ. “దింపలేదు, విప్పలేదు. గాలి పోయే కన్నంలో చెత్త తీశాను, అంతే.”

డ్రైవరు వ్యాను దగ్గరికి నడిచి గాలి ఫిల్టరు మూత తీశాడు. ఫిల్టరు కనిపించలేదు, దుమ్ము కనిపించింది. నేలకేసి తట్టితే తట్టినంతసేపూ రాలింది. ప్లగ్గు తుడిచి బిగించి స్టార్టు చేశాడు. ముందు నల్లగా, తర్వాత బూడిదరంగులో, ఆ తర్వాత పొగే లేదు. బడి ట్రిప్పులు దక్కినట్టే.

వెనకాల బల్ల మీద మేస్త్రీ ఖాళీ గ్లాసులో వేలు తిప్పి నాలుకకి రాసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

“ఉప్పే,” అన్నాడు. “నేను ఓడలో వెళ్లానే, ఆ సముద్రానిదే.”