తడిగాలి సోకిన పన్నెండు బేరింగులు

సభాధ్యక్షులు డైరెక్టరు గారికి, నాకంటే ముందు రిటైరై కూడా నాకోసం శ్రమపడి వచ్చిన పెద్దలకు, పరీక్షల గది మిత్రులకు, రెండో వరుసలో అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన పని ఒక్కటే. నూనె, గ్రీజు పనికిరాని చోట తిరిగే బేరింగులకు వెంట్రుకలో వందో వంతు మందాన పూసిన పొడి పూత ఎంత రాపిడి పుట్టిస్తుందో, ఎన్ని చుట్లకు అరిగిపోతుందో చూసి రాయడం. ఇంట్లో తలుపు కిర్రుమంటే మాత్రం నాకు తీరిక దొరకలేదని మా ఆవిడ మీలో సగం మందికి ఇదివరకే చెప్పింది.

ఆ పూతకు తడిగాలి పడదు. అందుకే గాలి తీసేసిన పెట్టెలో పెట్టి తిప్పుతాం. పదకొండేళ్ల కిందట పూతల గది మేస్త్రిగారు, అదిగో తలుపు పక్కన కూర్చున్నారు, ముందుకు రమ్మంటే రారు, ఆయన పూసిన పన్నెండు బేరింగులు పది లక్షల చుట్లు తిరగాల్సింది ఎనభై వేలకే పట్టేశాయి. పూత సరిగా అంటలేదని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఆయన్ని స్టోర్సుకు మార్చారు. నాలుగేళ్లు స్క్రూలు అందించి అక్కడినుంచే రిటైరయ్యారు.

నెల తిరక్కుండానే పెట్టె మూత విప్పితే గాలి చొరకుండా అమర్చిన రబ్బరు చుట్టు చీలి ఉంది. పూతను చెడగొట్టింది అందులోంచి దూరిన తడిగాలే. పరీక్ష జరిగినన్నాళ్లూ పెట్టెలో గాలి ఎంతుందో చూపే మీటరు సూది కదులుతూనే ఉంది, నేను మీటరు పాతదనుకుని వేలితో ఒకటి తట్టి వదిలేశాను. మనందరికీ ఉన్న అలవాటే. (నవ్వులు) నవ్వకండి. రబ్బరు మార్చాను గానీ రిపోర్టు మార్చలేదు. అప్పుడే నా ప్రమోషను కాగితాలు పైకి వెళ్తున్నాయి, భయపడ్డాను.

ఆయన క్యాంటీనులో ఒక్కసారి అడిగారు. "నా చేతిలో ఏం తప్పు జరిగిందో చెప్పండి సార్, దిద్దుకుంటాను." "చూద్దాంలేండి" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డైరెక్టరు గారూ, ఆ రిపోర్టు తప్పని, తప్పు నాదని రాసి సంతకం చేసిన కాగితం పొద్దున మీ బల్ల మీద పెట్టాను. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే, ముందు ఆయన ఫైలు సరిచేయించండి. మేస్త్రిగారూ, మీ పూత బాగుంది. మీ పని తెలిసినవాళ్ల ముందే ఈ మాట చెప్పాలని ఇన్నాళ్లూ అనుకుంటూ వాయిదా వేశాను.

(తలుపు చప్పుడు)

వద్దు, ఎవరూ వెనక్కి పిలవకండి. వెళ్లనివ్వండి. నాకోసం ఇక్కడ కూర్చోవాల్సిన అవసరం ఆయనకు లేదు.

ఇంతకాలం నన్ను నమ్మినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.