మనలి మంట, హార్బరు దీపం

"చెరువు చేపలోయ్! కట్లా, రోహూ! బతికుండాయోయ్!"

విన్నావా గౌరీ? సముద్రం ఒడ్డున మన కాశిమేడులో, వలలు ఆరేసిన వీధిలో, చెరువు చేపలోడు అరస్తా పోతాండాడు! నాకు నవ్వాగదు పో. అద్దో, మీ అత్త సంచి తీసుకోని ఉరికింది గూడా.

ఏందీ, రాతిమెట్ట ఎట్ల కనుక్కునేదా? చెప్తానుండు మే. ముందు మీ అత్త ఆ చేప తెచ్చి కూర ఉడకేయనీ.

మా నాయన కాలంలో ఈ జీపీయస్సులు గీపీయస్సులు యాడివి? కట్టుమరం మీద పోయి, వెనక్కి తిరిగి ఒడ్డు చూసేది. రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి రావాల. అది ఒక గీత. ఇంకోపక్క ఇంకో రెండు. గీతలు కలిసినచోట నీళ్ళ కింద రాతిమెట్ట. దాని మీద వంజరం చేప, మనిషెత్తు... సరే, నడుమెత్తు అనుకో. కవళ్ళ చేపలయితే తినేవాళ్ళు లేక కొబ్బరిచెట్లకి ఎరువేస్తిమి!

ఆ గుర్తులు కొడుక్కి తప్ప చెప్పకూడదు, అది మనోళ్ళ కట్టుబాటు. మేనల్లుడికి గూడా చెప్పరు. మా నాయన సముద్రం మీద ఒట్టేయించుకోని నా చెవిలో చెప్పినాడు.

మీ అన్న కుమారు ప్లస్ టూ అయినాక వచ్చినాడు. "మామా, గుర్తులు చెప్పు, నీతోనే వస్తా" అని. నేనేమంటిని? "నాకు కొడుకుండాడు లేరా" అంటిని. ఆమా, ఉండాడు! పడవెక్కితే వాంతులు వాడికి. ఇప్పుడు షోళింగనల్లూరులో ఆఫీసు కారు తోల్తాండాడు. కుమారేమో ఎవరిదో పెద్ద బోటులో కూలికి పోయె. వల లాగే మిషన్లో చెయ్యి పడె. కుడిచేతికి మూడు వేళ్ళు లేవు గదా, చూస్తానే ఉండావు. నేను చెప్పుంటే నా పక్కన కూర్చోని గాలమేసుకుంటా ఉండేవాడు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు మే.

నువ్వేమో చేపల చదువే చదివితివి. ఉద్యోగమంటే రొయ్యలు తూచే పనిచ్చిరి, ఆర్నెల్లకి ఇంటికి పొమ్మనిరి. బోటోళ్ళనడిగితే "ఆడపిల్ల ఎక్కితే వల ఖాళీ" అనిరి. ఏ ఆడపిల్లా ఎక్కకనే వాళ్ళ వలలు ఖాళీగా ఉండాయి, అది వేరే సంగతి! ఇంక మిగిలింది మీ అన్న చిన్న ఫైబరు పడవా, నీ రెండు చేతులూ. ఈ సీజన్లో గూడా చేప పడకపోతే పడవ అమ్మేస్తాడంట గదా.

అయినా ఒక మాట. నేను ఆ మెట్టకి పోయి ఎనిమిదేళ్ళాయె. ఇప్పుడాడ చేప ఉండాదో, బురదే పేరుకోనుండాదో, నాకు తెలీదు.

అదో, కూర అయినట్టుండాది, పిలస్తాంది మీ అత్త. ఒరేయ్ కుమారూ, ఆ వల ఆడ పెట్టి రారా. ఈడ కూర్చో, నా పక్కన. స్పూను తెచ్చుకున్నావా? సరి. ఏమే, వడ్డించింది చాల్లే, నువ్వు గూడా కూర్చో, ఎవరికి వాళ్ళు వడ్డించుకుంటారు.

గౌరీ, నా కంచం చూడు. ఈ ఉప్పు మనలి ఫ్యాక్టరీ మంట. ఈ మామిడి బద్ద మన హార్బరు దీపం. రెండూ ఒక వరసలో. కుమారూ, నువ్వూ చూడరా, తల దించుకోబాక. ఈ పక్క ఈ ముద్ద పరంగిమలై కొండ, ఈ మిరక్కాయ లైట్‌హౌసు. కొండకి అడ్డంగా మేడలు లేచినాయి, ఎండ బాగుంటేనే కనపడతాది. ఇప్పుడు రెండు గీతలూ ఇట్ల లాగితే, ఇదిగో, సరిగ్గా ఈడ...

చూడు మే, మీ అత్త చెరువు చేప ముక్క తెచ్చి ఆడనే వేసింది!

సరే, తినండి. మెట్ట మీద ఏమన్నా మిగిలుంటే, అది మీ ఇద్దరిదే. తినండి.