గవర్నరు అందనప్పుడు

హలో… ఆ, నేనేనయ్యా, క్లారాని. హెలెనా నుంచి… రాజ్యాంగ సభ వరండాలోంచే. వెనకాల నలుగురు ఫోన్ కోసం నిలబడ్డారు, తొందరగా విను నెల్స్.

…తిన్నాను. …ఆ, కోటు వేసుకునే ఉన్నా.

ఇంకో పావుగంటలో మా కమిటీ ముసాయిదా సభ ముందుకొస్తుంది. గవర్నరు అధికారాల భాగం… అవును, ఆరు వారాల్నించి మేం కొట్టుకుంటున్నదే. ఇవాళ నేను లేచి మాట్లాడతానని పేరిచ్చాను.

…నవ్వకు. …లేదు, సభలో ఇంతవరకూ నోరు విప్పలేదు. అందుకే భయం. చదువుతా, ఎలా ఉందో చెప్పు. 'గవర్నరు రాష్ట్రంలో లేనప్పుడు ఆయన అధికారాలన్నీ లెఫ్టినెంట్ గవర్నరుకు వస్తాయి.' మన రాష్ట్రం పాత రాజ్యాంగంలోంచి ఎత్తి, ఇప్పుడు రాసే కొత్తదాన్లోనూ పెట్టారు. దీన్ని మొత్తం కొట్టేయమంటాను.

…ఎందుకేమిటి? పెద్దాయన చేపలు పట్టుకోడానికి పక్కనున్న ఐడహో సరిహద్దు దాటగానే కిందున్న లెఫ్టినెంట్ గవర్నరు కుర్చీ ఎక్కి సంతకాలు పెట్టేస్తేనో? ఫోన్లున్న రోజుల్లో ఎక్కడుంటే ఏం? నేనిక్కణ్ణుంచి మన పశువుల్ని చూసుకోవడం లేదూ?

…ఏంటా దగ్గు? …నెల్స్. ఏమైంది?

…నా ఎర్రావుకా? తొలిచూలుదానికా? …ఎదురుకాళ్ళా… పొద్దున ఎన్నింటికి? …పొట్ట కోయించావా? నన్నడక్కుండా? అది నా ఆవు నెల్స్. నా ఆవుల విషయం నాదేనని పెళ్ళైన ఏడాదే అనుకున్నాం—

…

…మూడుసార్లు ఫోన్ చేశావా?

…ఎవరు తీశారు? …'మీటింగులో ఉన్నారు, పిలవడం కుదరదు' అందా ఆఫీసులో అమ్మాయి. …పక్క గదిలోనే ఉన్నాను నెల్స్. ఒక్క తలుపు అడ్డం.

…డాక్టరు ఇక ఆగలేనన్నాడా. …మరి రెండూ? …ఆవు లేచి నిలబడిందా. దూడ పాలు తాగుతోందా. …అమ్మయ్య. …లేదు, ఏడవటం లేదు, జలుబు. మంచి పని చేశావు. నేనున్నా అదే చేసేదాన్ని.

…ఉండు. ఒక్క నిమిషం ఉండు.

చూడు, నేను రాష్ట్రం దాటలేదు. అయినా నీకు అందలేదు. ఐడహోలో ఉన్నా, ఫోన్ తీసి ఉంటే అందేదాన్ని. మరి సరిహద్దుతో పనేముంది? …అదే నేననేది. 'లేనప్పుడు' కాదు, 'అందనప్పుడు'. మొత్తం కొట్టేయక్కర్లేదు, ఆ ఒక్క మాట మారిస్తే చాలు. …నువ్వే ఇచ్చావు మహానుభావా. సభలో మన ఎర్రావు కథే చెప్తా. …సిగ్గెందుకు? అక్కడ సగం మంది పశువులవాళ్ళే.

…గంట కొడుతున్నారు. విను, దూడకి పేరు పెట్టకు, శనివారం నేనొచ్చి… పెట్టేశావా? …గవర్నరా? పెయ్యదూడకా? ఆడదానికి గవర్నరని—

…ఏమన్నావు?

…మళ్ళీ అను.

'అయితే ఏం' అన్నావు కదూ. …లేదు, కోపం కాదు. ఈ కాగితం చూస్తున్నా. ఎనిమిది చోట్ల 'ఆయన' అని ఉంది. ఆరు వారాలు చదివాను నెల్స్, టైపు చేసింది కూడా నేనే. ఒక్కసారి కంట పడలేదు.

…భయమా? ఏమో, మర్చేపోయా. 'ఆయన' ఉన్నచోటల్లా 'గవర్నరు' అని దిద్దుతున్నా.

వస్తున్నానండీ— నీతో కాదు, తలుపు దగ్గర పిలుస్తున్నారు— ఇంకా మూడు 'ఆయన'లు కొట్టేయాలి. పెట్టేస్తున్నా.