సినిమాలో చెప్పని పేరు

జనక్‌పురిలో ఒక ఫ్లాటు. ఇంద్రాణి తన కూతురు భానుశ్రీ గది తలుపు తడుతోంది.

"వెళ్ళిపోయింది. ఇక తలుపు తియ్యి, భానూ."

"నిజంగా వెళ్ళిందా?"

"మెట్రో దాకా దింపుతానంటే వద్దంది. లిఫ్టు కూడా వద్దంది. మెట్లు దిగి వెళ్ళింది, ఆ పాదాలతో."

"ఇదిగో, తీశాను. నువ్వేం చెప్పావ్?"

"ఏం చెప్తాను? నువ్వు నాకు దణ్ణం పెట్టి గదిలోకి దూరి గడియ పెట్టుకుంటివి. 'మా అమ్మాయి ఇంట్లో లేదండీ' అన్నాను. యమున అవతలి నుంచి బస్సులు మారి వచ్చిన మనిషి ఎదుట నిలబడి అబద్ధమాడాను. ఎందుకే నా చేత ఈ పని చేయించావు?"

"తర్వాత చెప్తా మమ్మీ. తలనొప్పిగా ఉంది."

"జానకమ్మగారేగా ఆవిడ? నీ సినిమాలో ఆవిడ?"

"ఊఁ."

"కుష్ఠు కాలనీ వాళ్ళని ఎవరూ మనుషుల్లా చూడరని నాకు రోజూ చెప్పేదానివి. గుమ్మంలోకి వస్తే దాక్కున్నావు. జబ్బు అంటుకుంటుందనా?"

"ఛీ! ఆవిడకి ఎప్పుడో నయమైపోయింది. వాళ్ళింట్లో ఆవిడ పెట్టిన చారన్నం తిన్నాను నేను. అది కాదు."

"మరేంటి?"

"ఆవిడ ఎందుకొచ్చిందో నాకు తెలుసు. అందుకని."

"నాకైతే చెప్పలేదు. అమ్మాయితోనే చెప్పుకోవాలి అంది. కాఫీ ఇస్తే సగం తాగి, గ్లాసు తనే కడుగుతానని లేచింది. నేనే వద్దన్నాను."

"సినిమాలోంచి తీసెయ్యమని అడగడానికి వచ్చుంటుంది. కొడుకు పేరు చెప్పే సీను."

"మొన్న మీ కాలేజీలో వేసినప్పుడు హాలంతా కళ్ళు తుడుచుకుందన్నావు, అదేనా?"

"అదే. ఫెస్టివల్ వాళ్ళు ఆ సీను చూసే సెలెక్ట్ చేశారు. అది తీసేస్తే ఇంకేం మిగల్దు మమ్మీ."

"అడిగితే తియ్యాలి గదా."

"నీకర్థం కాదు. ఎవర్ని చూసి ఈ సినిమా తీశానో చెప్పానా లేదా?"

"ఆ ఇరాన్ కవయిత్రిని."

"ఆమె కుష్ఠురోగుల మధ్యకి వెళ్ళి, అక్కడే ఉండి తీసింది. ఒక్క మొహం కూడా దాచలేదు. బళ్ళో చదువుకునే పిల్లల్ని, తల దువ్వించుకునే ఆడవాళ్ళని, అందర్నీ చూపించింది. దాని మీద తన గొంతుతో తనే మాటలు చదివింది. ఫారసీ క్లాసులో అది చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. నేనూ అలాగే తియ్యాలనుకున్నాను, అంతే."

"ఆవిడకీ ఒక కొడుకున్నాడన్నావు."

"ఉన్నాడు. చిన్నతనంలోనే పెళ్ళయింది. విడిపోయాక పిల్లాణ్ణి మొగుడి వైపు వాళ్ళు ఉంచేసుకున్నారు. ఈమెకి చూపించేవాళ్ళు కాదు. ఆడది ప్రేమ గురించి అలా బాహాటంగా రాస్తుందా అని జనం నానా మాటలూ అన్నారు. సినిమా తీసిన చోటినుంచి ఒక పిల్లాణ్ణి ఇంటికి తెచ్చి పెంచుకుంది. తర్వాత ఎంతోకాలం లేదు, కారు ప్రమాదంలో పోయింది."

"తన కొడుకు సంగతి ఆ సినిమాలో చెప్పుకుందా?"

"లేదు."

"పేరు?"

"లేదన్నాను గదా."

"మరి జానకమ్మగారి చేత ఎందుకు చెప్పించావు?"

"ఆవిడే చెప్పింది."

"ఊరికే చెప్పిందా?"

"అడిగాను."

"ఒకసారా?"

"మమ్మీ, ప్లీజ్."

"ఒకసారేనా, భానూ?"

"చాలాసార్లు. కెమెరా ఆపకుండా అడిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా అడిగాను. కొడుకు ఊసెత్తనని మొదటిరోజే మాటిచ్చాను నేను. జబ్బు బయటపడగానే ఆవిడ పసివాణ్ణి వదిలి ఇంట్లోంచి వచ్చేసింది. వాడికి తల్లి చచ్చిపోయిందని చెప్పి పెంచారట. ఇప్పుడు ఎక్కడో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. తన సంగతి తెలిస్తే వాడి సంసారం ఏమవుతుందోనని ఆవిడ భయం. అంతా తెలిసే అడిగాను. కొంగు తీసి 'వరప్రసాదు' అంది చూడూ, అప్పుడు నాకు ఏడుపు రాలేదు మమ్మీ. 'హమ్మయ్య, షాట్ దొరికింది' అనుకున్నాను."

"షాటా?"

"అలా చూడకు."

"నేను చూడట్లేదు. ఫోన్ తియ్యి."

"ఇప్పుడా? ఏమని చెప్పను?"

"ఇప్పుడు నాతో అన్నదే చెప్పు. స్పీకర్ పెట్టు, నేనూ క్షమాపణ చెప్పుకోవాలి."

"ఠీక్ హై... హలో, జానకమ్మగారూ? నేను, భానుని."

"ఆఁ తల్లీ! బస్టాపులో ఉన్నాను. ఇంటికొచ్చావా అప్పుడే?"

"రాలేదు... అంటే, నేను ఇంట్లోనే ఉన్నానండీ. మీరు కాఫీ తాగుతున్నంతసేపూ గదిలోనే ఉన్నాను. మీకు మొహం చూపించలేక మా అమ్మ చేత లేనని చెప్పించాను."

"అలాగా."

"ఆ సీను ఇవాళే తీసేస్తాను. ఫెస్టివల్ వాళ్ళకీ చెప్పేస్తాను. మీ అబ్బాయి పేరు ఇంకెక్కడా వినపడదండీ. మాటిచ్చి కూడా తప్పు చేశాను."

"అందుకు కాదమ్మా నేనొచ్చింది. నువ్వు లేవంటే ప్రాణం కాస్త కుదుటపడింది కూడా. నీ మొహం చూసి చెప్పడం నా వల్ల అయ్యేది కాదు."

"ఏంటండీ?"

"ఆ రోజు నువ్వు అడుగుతూనే ఉన్నావు. చెప్పకపోతే వదలవనిపించింది. మొన్న హాల్లో ఒకావిడ నా చేతులు పట్టుకుంది తల్లీ. ఈ చేతులు! మీ వరప్రసాదు చల్లగా ఉండాలమ్మా అని ఏడ్చింది. అప్పట్నించీ నాకు కంటిమీద కునుకు లేదు."

"చెప్పండి."

"అంత నమ్మకంగా సినిమా తీశావు, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టావు. క్షమించమ్మా. వరప్రసాదనేవాడు ఎవడూ లేడు. నా బిడ్డ పేరు నేను నీకు చెప్పలేదు."